సాంబన్న ఇల్లు పడలేదు

పందొమ్మిది వందల ఎనభై ఆరు గోదారి వరద వచ్చిన ఇరవయ్యో ఏడు అది. ఆ ఏడు మళ్లీ నీళ్లు వచ్చాయి. గోదావరి నిండి ప్రాణహితను పోనియ్యలేదు, ప్రాణహిత వాగును పోనియ్యలేదు. వాగు వెనక్కి తిరిగి రేగుంట దిక్కున ఒడ్డు మీదున్న వాడలోకి వచ్చింది. ఆదివారం తెల్లవారకముందే ఇళ్లలో దూరి, సోమవారం మధ్యాహ్నానికి ఛాతీ దాకా లేచి, బుధవారం పొద్దునకు పోయింది.

ఆ తర్వాతి సోమవారం ముసురు విడిచి మొదటిసారి ఎండ కాసింది. పొద్దున తొమ్మిదింటికి దత్తయ్య పోలీసు చౌకీ మెట్లెక్కాడు.

దత్తయ్య అల్లపల్లి కట్టెల డిపోలో ముప్పై ఏళ్లు ఫారెస్టు గార్డు. నరికిన మోడును చూసి గొడ్డలి ఏ రోజు పడ్డదో చెప్పేవాడు. రిటైరై నాలుగేళ్లయింది. అయినా తేలని సంగతి ఏదన్నా వస్తే తహసీల్దారు ఆయనకే కబురు పెట్టేవాడు. మాట తక్కువ మనిషి. ఎదుటివాడు మాట్లాడి మాట్లాడి అలిసిపోయేదాకా ఊరుకుంటాడు.

చౌకీలో జమాదారు గోపాల్‌రావు కుర్చీలో ఉన్నాడు. గోడ పక్కన కింద కిషన్ కూర్చుని ఉన్నాడు. పాతికేళ్ల పిల్లగాడు. నిన్న పొద్దున్నుంచి అక్కడే ఉన్నాడు, నోరు విప్పలేదు.

"రా గార్డు సాబ్, రా. నీకు తక్లీఫ్ ఎందుకిచ్చిండో తహసీల్దార్ సాబ్. దొంగ దొరికిండు. చాయ్ తాగి పో" అన్నాడు గోపాల్‌రావు.

"ఏం దొంగతనం చేసిండు?"

"ఇల్లు."

"ఎత్తుకపోయిండా?"

మూలనున్న కానిస్టేబుల్ నవ్వాపుకున్నాడు. గోపాల్‌రావు నవ్వలేదు. బల్ల మీది కాగితాలు ముందుకు తోశాడు.

సంగతి ఇది. వాడలో రాజక్క అనే ముసలామె ఉంది. ఆమె పెనిమిటి సాంబన్న ఇళ్లు కట్టే వడ్రంగి, చనిపోయి ఆరేళ్లయింది. గురువారం పొద్దున ఊరి రెవెన్యూ లెక్కలు చూసే తలాఠీ వచ్చి పంచనామా రాశాడు. వెనక గోడ పోయింది, మిగతాది నిలబడి ఉంది, ఇల్లు సగం పడ్డది అని. శుక్రవారం పదకొండింటికి పెద్ద ఆఫీసు వాళ్లు మళ్లీ చూడవచ్చారు. అప్పటికి ఇల్లంతా నేల మీద ఉంది. పూర్తిగా పడ్డది అని రాసుకున్నారు. సగం పడితే మరమ్మత్తుకు ఏదో కొంత ఇస్తారు. పూర్తిగా పడితే సర్కారు ఘర్కుల్ కింద కొత్త ఇల్లు కట్టిస్తుంది. శనివారం తహసీలుకు పేరు లేని అర్జీ ఒకటి వచ్చింది, ఆ ఇల్లు నీళ్లకు పడలేదు, మనుషులు పడగొట్టారు అని. అదే నిజమైతే రాజక్క పేరు జాబితాలోంచి పోతుంది. జాబితా మంగళవారం పొద్దున పదింటికి జీపులో గడ్చిరోలికి పోతుంది. పోయిందంటే మళ్లీ పేరు చేర్చరు.

"గీడు రాజక్క మరిది కొడుకు. గురువారం సాయంత్రం నాలుగింటికి అందరు బడిల క్యాంపు కాడ సామాను తీసుకుంటుంటే గీడు లేడు. అయిదున్నరకు వచ్చిండు, మోకాళ్ల దాక ఎర్ర మట్టి. ఎటు పోయినవురా అంటె సప్పుడు లేదు. ఇంకేం గావాలె?" అన్నాడు గోపాల్‌రావు.

దత్తయ్య కిషన్ ముందు గొంతు కూర్చున్నాడు. "బువ్వ తిన్నవా?"

కిషన్ తల ఊపాడు.

"ఎవలకు మాటిచ్చినవు బిడ్డా?"

కిషన్ కళ్లు ఒక్కసారి పైకి లేచి దిగిపోయాయి. దత్తయ్య ఇంకేం అడగలేదు. చేతులు చూశాడు. రెండు అరచేతుల్లో అడ్డంగా తోలు లేచిన గీతలు ఉన్నాయి.

"గడ్డపార దొరికింది వాని ఇంట్ల" అన్నాడు గోపాల్‌రావు వెనక నుంచి.

"గడ్డపార పట్టిన చేతులు గావు. ఇల్లు సూద్దాం పా."

"సూసుడేంది మళ్ల! నాకు పనులు లెవ్వా?"

"నీ పనే గద."

పదిన్నరకు ఇద్దరూ వాడకు చేరారు. ఎండ అప్పుడే కాలుతోంది. రాజక్క ఇంటి తావులో గూనపెంకులు, వాసాలు, ఎర్రమట్టి గడ్డలు ఒక కుప్పగా ఉన్నాయి. దత్తయ్య కుప్ప ఎక్కలేదు. చుట్టూ మూడుసార్లు తిరిగాడు. గోపాల్‌రావు వేపచెట్టు నీడన నిలబడి గడియారం చూసుకున్నాడు.

"జమాదారు, వాగు ఎటున్నది?"

"గుడ్డోన్నా నేను? వెనకకు."

"నీళ్లు లాగిన ఇల్లు వాగు దిక్కు పడాలె. ఇది వాకిట్లకు పడ్డది."

"నేను అంటున్నదేంది మరి నిన్నటి సంది!"

దత్తయ్య దూలం చివర మీద వేలు పెట్టి చూపించాడు. బెరడు రాసుకుపోయి నున్నగా అయిన పట్టీ, అందులో కొబ్బరి పీచు ఇరుక్కుని ఉంది. "తాడేసి గుంజిండ్రు. ఇద్దరో, ఒక మనిషి ఒక ఎడ్ల జతనో. నువ్వన్నదే నిజం. పడగొట్టిండ్రు."

గోపాల్‌రావు అంత తొందరగా గెలుస్తానని అనుకోలేదు. మీసం సర్దుకున్నాడు. "ఇగ రాయి మరి. పేరు కొట్టెయ్యాలె అని రాయి."

"దర్వాజ ఏది?"

"ఏంది?"

"గింత ఇల్లు పడ్డది. దర్వాజ ముక్క ఒక్కటి లేదు."

నిజంగానే లేదు. వాకిలి ఉన్న చోట నేలలో రెండు చదరపు గుంటలు ఉన్నాయి. దర్వాజ చట్రం కాళ్లు పాతిన గుంటలు. వాటి అంచులు చెదరలేదు. ఎవరో చుట్టూ మట్టి తవ్వి, దంతం పీకినంత జాగ్రత్తగా దర్వాజ ఎత్తుకుపోయారు. రెండు గుంటల మధ్య వరద ఒండ్రు పేరుకుని ఉంది. ఆ ఒండ్రు మీద పసుపు. పసుపు మీద కుంకుమ బొట్లు అయిదు, వానకు కొంచెం కరిగి ఉన్నాయి.

ఆ పక్క ఊళ్లలో పాత ఇల్లు దించేవాళ్లు ముందు గడపకు పసుపు బొట్టు పెట్టి, దండం పెట్టి, దర్వాజ తీసి పక్కన పెడతారు. దర్వాజ నిలబడి ఉండగా ఇంటి మీద చేయి వేయరు. లోపల మనిషి ఉండగా ముట్టినట్టే లెక్క. ఎక్కువ సాయం కోసం దొంగచాటుగా ఇల్లు కూలగొట్టేవాడికి ఇదంతా గుర్తుండదు.

"ఒండ్రు మీద ఉన్నది. అంటె నీళ్లు పోయినంక పెట్టిన పసుపు" అన్నాడు దత్తయ్య.

"ఆ ముసలామెనే పెట్టుకోని ఉంటది. ఇద్దరు కలిసే చేసిండ్రు!"

"పెనిమిటి పోయినంక రాజక్క కడపకు బొట్టు పెడ్తదా?"

గోపాల్‌రావు మళ్లీ గడియారం చూసుకున్నాడు.

ఇంటి నడుమ నిట్రాడు, కప్పు మొత్తం మోసే గుంజ, పక్కకు వాలి ఉంది. మద్ది కర్ర. దత్తయ్య దాని పక్కన చతికిలబడి చాలాసేపు చూశాడు. కర్ర మీద నీటి గీతలు రెండు ఉన్నాయి. ఛాతీ ఎత్తున ఉన్నది కర్రకు సరిగ్గా అడ్డంగా ఉంది. మోకాలెత్తున ఉన్నది ఏటవాలుగా ఉంది. తర్వాత మట్టి తవ్వి కర్ర కాలు బయటకు తీశాడు. నేల మట్టానికి జానెడు కింద చీలికలు చీలికలుగా విరిగి ఉంది. పుల్ల తీసుకుని ఒక చీలికలోంచి ఏదో గీకాడు, బీడీకట్ట కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఏంది గది?"

"సాయంత్రం చెప్త."

"అవ్, చెప్పుతవ్! డిపోల గూడ గిట్లనే ఉంటివా గార్డు సాబ్? టేకు పోయినంక సాయంత్రం చెప్పుకుంట?"

దత్తయ్య లేచి చేతులు దులుపుకున్నాడు. "సాంబన్న ఉన్నడు జూడు, ముప్పై ఏండ్లల ఒక్క టేకు ముక్క ముట్టలే. ఎందుకయ్య అంటె, అది నీ పాణం దీస్తది గద గార్డన్న, నాకు మద్ది సాలు అనేటోడు" అని వెళ్లిపోయాడు.

రాజక్క ఇంటికి ఎడమ పక్క లింగక్క ఇల్లు. వాడలో మిగిలిన ఒక్క రేకుల కొట్టం అదే. మధ్యాహ్నం ఒంటిగంటకు దత్తయ్య పోయేసరికి ఆమె మూడు రాళ్ల పొయ్యి మీద కూర దించుతోంది. అరవై దాటిన మనిషి, గాజుల చెయ్యి.

"కూసో అన్న. కాళ్లు కడుక్కో. ఇంత తిను" అంది.

దత్తయ్య కూర్చున్నాడు. ఆమె ఆకులో అన్నం పెట్టి ఆలుగడ్డ కూర వేసింది. కూర తెల్లగా ఉంది.

"పసుపు ఎయ్యలేదా లింగక్క?"

"ఏడిది? వంటిల్లు మొత్తం నీళ్ల పాలాయె."

"గురువారం బడి కాడ ఇంటికో పసుపు పొట్లం ఇచ్చిండ్రు. గంగయ్య ఇంట్ల కూర పచ్చగున్నది. భీము ఇంట్ల పప్పు పచ్చగున్నది. ఇప్పుడే సూసొచ్చిన."

లింగక్క గరిటె కింద పెట్టింది.

"ఊరందరి కూరలల్ల తలకాయ పెట్టొచ్చినవా ఏంది?"

"ఆ. నీ పొట్లం మాత్రం కూరల పడలే."

లింగక్క కొంగుతో ముఖం తుడుచుకుని కొట్టం మూలకు చూసింది. అక్కడ దర్వాజ గోడకు ఆనించి ఉంది, దాని మీద ఆమె పెళ్లి చీర కప్పి ఉంది. దత్తయ్య వచ్చినప్పుడే చూశాడు.

"అన్నా, నీళ్లు పోయినంక తడిసిన గోడంటేనే నాకు భయం. ఎనభై ఆరుల నీళ్లు పోయినంక మూడో నాడు ఎండ కొట్టింది. మా అత్త గోడ కింద కూసోని బియ్యం చెరుగుతుండె. తడిసిన గోడ తడిగున్నన్ని రోజులు నిలవడ్తది, ఎండ తగిలితె ఇడుస్తది. గంతే. ఒక్క సప్పుడు. చాట ఒక్కటి బయటికొచ్చింది. అప్పటి సంది ఈ వాడల తడిసి కదిలిన గోడను ఎండ రాకముందే దించుతం. పంచనామ అని, అర అని, పూర అని మాకేమెరుక?"

"గురువారం ఏమైంది?"

"పొద్దుగాల తలాఠీ రోడ్డు మీదికెల్లి సూసి పోయిండు. నేను పోయి సూస్తి. గోడకు కప్పుకు నడుమ వేలు పట్టే సందున్నది. ఆ సందు మీద తడి మట్టి ముద్ద కొట్టి పెట్టిన పన్నెండు గొట్టంగ. మూడింటికి చూస్తె ముద్ద రెండు వక్కలాయె. ఇల్లు నడుస్తున్నదన్నట్టు. రాజక్కేమొ, ఈ రాత్రి నా ఇంట్లనే పండుకుంట, క్యాంపుల నిద్ర వస్తలేదు అనబట్టె. ఒద్దంటె ఇంటదా? మా ఆయన కట్టిన ఇల్లు నన్ను సంపుతదా అంటది! ఇగ క్యాంపుల నా సామాను అందరికంటె ముందుగాల దీసుకోని, కిషన్‌గాని చెయ్యి పట్టుకోని గుంజకచ్చిన. ఎడ్ల తాడు నేనే ఇచ్చిన. మీ పెద్దమ్మకు చెప్తె నా మీద ఒట్టు అని మాట దీసుకున్న."

"ఎందుకు?"

లింగక్క పొయ్యిలోంచి కట్టె వెనక్కి లాగింది. "సాంబన్న కట్టిన ఇంటి మీద చెయ్యేసినోళ్లను ఆమె బతికున్నన్నాళ్లు మన్నించదన్నా. నాకు ఇంకెవరున్నరు మాట్లాడటానికి? పొద్దున లేస్తె ఆమెనాయె, పొద్దు గూకితె ఆమెనాయె."

దత్తయ్య ఆకులో అన్నం మొత్తం తిన్నాడు. తెల్ల కూర కూడా మిగల్చలేదు. లేస్తూ, "దర్వాజ మంచిగ దాసినవు" అన్నాడు.

మూడున్నరకు బడి వరండాలో గోపాల్‌రావు కూడా వచ్చి నిలబడ్డాడు. కిషన్‌ను వెంట తెచ్చాడు. లింగక్క చెప్పింది విన్నాక అతని ముఖం వెలిగింది.

"ఇగ అయిపాయె. ఇద్దరు ఒప్పుకున్నరు. నాకు అర్జీ పెట్టినోడు ఎవడో గది దొరికితె కేసు పూర. ఈమె మీద పగ పట్టినోడెవడో."

రాజక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సన్నటి మనిషి, తెల్ల చీర. ఆమె ఎవరి ముఖమూ చూడటం లేదు.

దత్తయ్య ఆమె ఎదురుగా కూర్చుని అర్జీ కాగితం విప్పాడు. మరాఠీలో ఉంది, సిరొంచ బజారులో అర్జీలు రాసేవాడి చేతిరాత. ఆయన దాన్ని మెల్లగా తెలుగులో చెప్పాడు.

"'సాంబన్న కట్టిన ఇల్లు పడేది కాదు. పడలేదు. ఎవరో పడగొట్టారు. పడ్డది అని రాసిన కాగితం మార్చి రాయాలె.' గంతే. పగ పట్టినోడైతె రాజక్క పేరు రాస్తడు, పేరు కొట్టెయ్యిమంటడు, జైల్ల పెట్టుమంటడు. ఇండ్ల రాజక్క పేరే లేదు. రెండు సార్లు సాంబన్న పేరున్నది." కాగితం మడిచాడు. "శుక్రవారం సాయంత్రం గీ వరండలనే జాబితా సదివిండ్రు గద చెల్లె. సాంబన్న ఇల్లు పూర్తిగ పడ్డది అని అందరి ముంగట సదివిండ్రు."

గోపాల్‌రావు రాజక్క వైపు తిరిగాడు.

"నేనే రాయించిన" అంది రాజక్క. "బస్సెక్కి పోయి రాయించిన. నా పేరు పోతదని నాకు తెల్వది. తెలిసినా రాయిద్దును. ఊరందరి ఇండ్లు కట్టిన మనిషన్నా! ఆయన ఇల్లు పడ్డది అని మైకుల సదువుతరా? సచ్చినోడు వచ్చి మాట్లాడ్తడా?"

"పెద్దమ్మా..." అన్నాడు కిషన్.

"నువ్వు మాట్లాడకు. నువ్వా పడగొట్టింది?"

కిషన్ తల దించుకున్నాడు. లింగక్క ముందుకు వచ్చింది. "వాణ్ని అనకు. నేను. నా చెయ్యి."

రాజక్క ఆమె వైపు తిరిగింది. "ముట్టే ముందు నన్నొక్క మాట అడగొద్దానే లింగీ?"

"అడిగితె ముట్టనిస్తుంటివా?"

"ముట్టనియ్యకపోదును."

"మరి!"

దత్తయ్య జేబులోంచి బీడీకట్ట కాగితం తీసి విప్పాడు. అందులో బూడిద రంగు మట్టి పొడి ఉంది. "చెల్లె, ఇటు సూడు. ఇది మీ నిట్రాడు ఇరిగిన సీలికల లోపలికెల్లి తీసిన. ఇంటి మట్టి ఎరుపు. ఇది వాగు ఒండ్రు. కర్ర గురువారం ఇరిగితె లోపలికి ఒండ్రు ఎట్ల వస్తది? అప్పటికి నీళ్లే లెవ్వు. నీళ్ల గీతలు గూడ చెప్తున్నయ్. సోమవారం ఛాతీ కాడ నీళ్లున్నప్పుడు గుంజ సక్కగున్నది. మోకాళ్లకు దిగేటప్పటికి వాలింది. మంగళవారం నీళ్లల్లనే ఇరిగింది. అడుగున ఇరవై ఏండ్ల సంది చెద తిన్నది, నీళ్లు తన్నినయ్."

రాజక్క ఆ మట్టిని వేలితో ముట్టింది. "అంటె పడ్డట్టేనా?"

"అడుగున ఇరిగిన గుంజ మీద ఇల్లు ఎట్ల నిలవడ్డది? అది అడుగు." దత్తయ్య రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి బిగించి చూపించాడు. "పైన గిట్ల బిగిచ్చిండు సాంబన్న. మేకు లేదు, కర్రల కర్ర. కింద కాలు పోయినా పైన చెయ్యి ఇడువలే. గుంజ కప్పును మోస్తలేదు, కప్పే గుంజను పట్టుకోని ఉన్నది. వాడల పదిహేను ఇండ్లు నీళ్లల్లనే కూలినయ్. ఆయన ఇల్లు ఇరిగినంక గూడ గురువారం దాక నిలవడ్డది, లోపలికి పోయి వచ్చే నీ మీద పడకుంట. వీళ్లు దాన్ని పడగొట్టలే చెల్లె. అలిసిన దాన్ని పండుకోపెట్టిండ్రు."

రాజక్క కొంగు నోట్లో కుక్కుకుంది. లింగక్క వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ భుజానికి భుజం ఆనించి కూర్చున్నారు.

గోపాల్‌రావు గొంతు సవరించుకున్నాడు. "నీళ్లకే ఇరిగిందంటె... పూర్తిగ పడ్డట్టే లెక్కనా?"

"తలాఠీ రోడ్డు మీదికెల్లి సూసిండు. కింద సూడలే."

అంటూనే దత్తయ్య ఆగిపోయాడు. బయట ఎండ ఇంకా తగ్గలేదు. బడి ముందు నేల పొద్దున తడిగా ఉన్నది, ఇప్పుడు నెర్రెలు వారింది. ఆయన ముఖం మారింది.

"చెల్లె, సాంబన్న నీ ఇల్లు ఎప్పుడు కట్టిండు?"

"ఎనభై ఆరు నీళ్లు పోయినంక, వచ్చిన ఎండకాలంల. ఒక్క ఎండకాలంల అయిదు ఇండ్లు లేపిండు. ఒక్క మద్ది మొద్దుల కర్రనే అన్నిట్ల."

"ఏవేవి?"

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. "మాదొకటి. గంగయ్యది, అప్పుడు నాకు సలిజొరం, మంచంలనే ఉంటి. భీముది, నిట్రాడు లేపిన నాడు బెల్లమన్నం పంపిండ్రు. తిరుమల వాళ్లది, పెంకులు తక్కువై వారం ఆగింది. ఇగ లస్మయ్యది, గా జమాదారు సాబ్ కిరాయికుండేది."

ఆ నాలుగు ఇళ్లకూ జాబితాలో ఒకటే మాట రాసి ఉంది. నష్టం లేదు. నాలుగూ నిలబడి ఉన్నాయి. ఎండ వచ్చిందని, ఇల్లు ఆరుతుందని, పొద్దునే అందరూ క్యాంపు విడిచి సామానుతో ఇళ్లకు పోయారు.

గోపాల్‌రావు టోపీ బల్ల మీదే వదిలేసి పరిగెత్తాడు. అతని భార్య నందిత ఇరవై ఒక్క రోజుల బాలింత.

వాళ్లు చేరేసరికి నాలుగున్నర కావొస్తోంది. నందిత కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని తల ఆరబెట్టుకుంటోంది. దూలానికి చీరతో కట్టిన ఉయ్యాలలో పిల్ల నిద్రపోతోంది. నందిత ఒక చేత్తో ఉయ్యాల ఊపుతోంది.

"ఊపకు" అన్నాడు దత్తయ్య గుమ్మం బయటే ఆగి. "బిడ్డా, చెయ్యి తియ్. మెల్లగ."

ఉయ్యాల మెల్లగా ఆగింది. ఆగిన చోట నిటారుగా వేలాడుతోంది. దాని పక్కనే నిట్రాడు ఉంది. ఉయ్యాల చీరకు, నిట్రాడుకు మధ్య ఎడం పైన బెత్తెడు, కింద జానెడు. గుంజ వాలిపోయి ఉంది. కొత్తగా అలికిన అరుగు దాని కాలును కప్పేసింది.

"ఏమైంది జీ?" అంది నందిత భర్తను చూసి.

గోపాల్‌రావు లోపలికి అడుగు వేయబోతే దత్తయ్య రెక్క పట్టుకున్నాడు.

"బూట్లు ఇప్పు. గుంజకు తగులకు. పిల్లను ఉయ్యాల్లకెల్లి గుంజకు, కిందికెల్లి రెండు చేతుల మీదికి తీసుకో. బరువు ఒక్కసారి తీయకు."

జమాదారు బూట్లు విప్పాడు. మేజోళ్ల కాళ్లతో, దొంగలా, మూడు అడుగులు వేశాడు. ఉయ్యాల కింద మోకాళ్ల మీద కూర్చుని రెండు అరచేతులూ చీర కింద పెట్టాడు. పైన ఎక్కడో కర్ర కిర్రుమంది. ఎర్ర మట్టి సన్నగా రాలి అతని మెడ మీద పడింది. అతను కదల్లేదు. కిర్రు ఆగాక పిల్లను కొంచెం కొంచెంగా చేతుల్లోకి దించుకున్నాడు. పిల్ల నిద్రలోనే మూతి తిప్పింది. నందిత వెనక తలుపులోంచి దిగి వచ్చింది. ముగ్గురూ వాకిట్లో వేపచెట్టు కిందకు వచ్చాక గోపాల్‌రావు పిల్లను ఛాతీకి ఆనించుకుని నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

దత్తయ్య అటు చూడలేదు. కిషన్‌ను పిలిచి, "గంగయ్య ఇంటికి నువ్వు పో. భీము ఇంటికి నేను పోత. తిరుమల వాళ్లకు లింగక్క చెప్తది. పొయ్యి మీద కూరున్నా ఇడిచిపెట్టి రమ్మను" అన్నాడు. పొద్దు గూకేలోపు నాలుగు ఇళ్లూ ఖాళీ అయ్యాయి.

మర్నాడు పొద్దున వెలుతురు రాగానే దత్తయ్య ఒక్కడే పార పట్టుకుని నాలుగు ఇళ్లలో నిట్రాళ్ల మొదలు తవ్వాడు. మూడు విరిగి ఉన్నాయి. నాలుగోది, గంగయ్యది, సగం చీలి ఉంది. నాలుగు చీలికల్లోంచి ఒండ్రు గీకి నాలుగు కాగితాల్లో చుట్టాడు. తొమ్మిదిన్నరకు తహసీలు ముందుకు పోయాడు. జాబితా పెట్టె జీపులో ఎక్కించి ఉంది. డ్రైవరు ఇంజన్ వేశాడు. దత్తయ్య పోయి జీపు ముందు రోడ్డు మీద కూర్చున్నాడు.

"ఏంది తాతా, పాణం మీదికొచ్చిందా?" అని అరిచాడు డ్రైవరు.

దత్తయ్య లేవలేదు. అప్పటికి రాజక్క, ఆమె వెనక లింగక్క, యూనిఫాం వేసుకున్న గోపాల్‌రావు నడిచి వచ్చారు. గోపాల్‌రావు జీపు బానెట్ మీద తెల్లకాగితం పరిచి తలాఠీని పిలిచాడు. "రాయి. పంచ్ సాక్షిని నేనే. దస్కత్ నాది. మొదటిది రాజక్కది, జాబితల పేరు ఉన్నది ఉన్నట్టే ఉండాలె. ఇంక నాలుగు" అన్నాడు.

"నాలుగు పేర్లు ఎవలు చెప్తరు?" అన్నాడు తలాఠీ కలం తీస్తూ.

రాజక్క ముందుకు వచ్చి నాలుగు ఇళ్లు చెప్పింది. ప్రతి పేరు దగ్గరా ఆగి, ఎవరు కట్టారో అది కూడా రాయమంది. తలాఠీ గోపాల్‌రావు ముఖం చూశాడు. గోపాల్‌రావు రాయి అన్నట్టు తల ఊపాడు.

కాగితం పూర్తయ్యాక దత్తయ్య దాని కింద సంతకం పెట్టి, తేదీ వేసి, మట్టి పొట్లాలు అయిదూ దానికి సూదితో గుచ్చాడు. అప్పుడు లేచి పక్కకు జరిగి జీపుకు దారి ఇచ్చాడు.